మెరుపు, ఆ మర్నాడు

ఈ పత్రికలో ‘నా జీవితం మలుపు తిరిగిన క్షణం’ అనే శీర్షిక కింద సభ్యులు వ్రాస్తున్నవి వరుసగా చదువుతూ వస్తున్నాను. నన్ను కూడా ఒకటి వ్రాయమని సంపాదకులు రెండుసార్లు అడిగారు. నా దగ్గర అలాంటి కథ ఒకటి ఉన్నమాట నిజమే. మన సంఘంలో చాలామంది దానిని నా నోట విన్నవారే. ఉగాది భోజనాల దగ్గర చెప్పాను. మా అమ్మాయి పెళ్ళిలో చెప్పాను. దేశం నుంచి ఎవరైనా కొత్తగా వచ్చి, ఇక్కడ ఉండాలా తిరిగి వెళ్ళాలా అని తికమకపడుతూ కనిపిస్తే చాలు, కూర్చోబెట్టి మరీ చెప్పాను. తీరా కాగితం మీద పెడదామని కూర్చుంటే అది కథ కాకుండా ఇలా విమర్శ అయి కూర్చున్నది. అందుకు కారణం మా మనవరాలు.

ఆ పిల్ల ఈ ఏడు కాలేజీలకు దరఖాస్తులు పెడుతున్నది. ఇక్కడి పద్ధతి మీకు తెలిసిందే. మార్కులు ఉంటే చాలదు, వ్యాసం ఒకటి జతచెయ్యాలి. ఇచ్చే ప్రశ్నలలో ఒకదాని సారాంశం ఇది: నీ ఎదుగుదలకు కారణమైన ఒక సంఘటన గాని, ఒక గ్రహింపు గాని చెప్పు. 650 మాటలు దాటకూడదు. పదిహేడేళ్ళ పిల్లకు జ్ఞానోదయం ఎక్కడి నుంచి తెచ్చేది? పాపం, బాగా ఆలోచించి, ఇంట్లో తయారుగా ఉన్న నా కథను ఎత్తుకున్నది. ఫోను చేసి, “తాతయ్యా, ఆ మంచు తుఫాను కథ మళ్ళీ ఒకసారి చెప్పవా? నువ్వు ఈ దేశంలో ఉండిపోవాలని డిసైడ్ చేసుకున్న రోజు. అది లేకపోతే నేనే లేను కదా. దానిమీద వ్రాస్తాను” అన్నది.

మామూలుగా అయితే పొంగిపోయి మొదలుపెట్టేవాడిని. ఈసారి నోరు పెగల్లేదు. ఎందుకో చివర మనవి చేస్తాను. ముందు, వినని వారి కోసం ఆ కథ.

1978 జనవరి ఆఖరు వారంలో ఒహాయో రాష్ట్రాన్ని ముంచెత్తిన మంచు తుఫాను అప్పుడు ఇక్కడ ఉన్నవారికి గుర్తుండే ఉంటుంది. నేను ఈ దేశం వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. రాత్రి పని ముగించుకుని 26వ తేదీ తెల్లవారుజామున ఇంటికి వస్తుండగా బస్సు దారిలో కూరుకుపోయింది. బస్సులో నేనూ, డ్రైవరూ, ఇద్దరమే. ఆయన వయసు మళ్ళిన నల్లజాతి పెద్దమనిషి. గాలి హోరుకు బస్సు ఊగిపోతున్నది. కిటికీలకు అవతల తెలుపు తప్ప ఏమీ లేదు. ఆయన తన ఫ్లాస్కులోని కాఫీ సగం నాకు పోసి, చేతి తొడుగులు ఇచ్చి, నేను నిద్రపోకుండా ఆరు గంటలసేపు కబుర్లు చెప్పాడు. ఆ కాఫీ గుక్క గొంతు దిగుతున్నప్పుడు నాకు తటాలున తెలిసింది: మనిషి ఉన్నచోటే మన ఊరు అని. ఆ క్షణంలోనే, ఇక ఇదే నా దేశం అని నిశ్చయించుకున్నాను.

ఇదీ కథ. విన్నవారు నిట్టూర్చేవారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు కూడా.

ఇలాంటి కథలకు మెరుపు కథలని పేరు పెడదాం. వీటికి ఒక అచ్చు ఉన్నది. మొదట చీకటి, అంటే అజ్ఞానమో కష్టమో. తరువాత ఒక మెరుపు. ఆ మెరుపులో దారి కనిపిస్తుంది, మనిషి ఆ దారిన నడిచి ఇప్పుడున్న చోటికి వస్తాడు. చెప్పేవాడు సాధారణంగా గమ్యం చేరినవాడే అయి ఉంటాడు. చేరనివాడిని ఈ కథ చెప్పమని ఎవరూ అడగరు. అంచేత మెరుపు కథలో చిక్కు ఏమిటంటే, ఫలితం తెలిసిన తరువాత కారణాన్ని వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళడం. అలా వెళ్ళేవాడికి దారిలో ఎక్కడో ఒకచోట మెరుపు దొరక్కపోదు.

అలాగని ఈ కథలన్నీ అబద్ధాలని కొట్టిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. మనుషులకు తటాలున తెలియడం అనేది ఉన్నది. అది చెప్పడంలో నిజాయితీని ఎలా గుర్తుపట్టాలి అన్నదే నా ప్రశ్న. నేను ఎరిగిన గొప్ప మెరుపు కథలను మళ్ళీ చదివి చూస్తే నాకు ఒక గీటురాయి దొరికింది. మెరుపును ఎంత అందంగా వర్ణించారన్నది పక్కన పెట్టి, మర్నాడు ఏం జరిగిందో చెప్పారా లేదా అని చూడాలి.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసును. బోయవాడు ఒకే ఒక్క ప్రశ్నతో ఋషి అయిన కథ చిన్నప్పుడు మనమందరం విన్నాం. దోచుకొచ్చిన సొమ్ము తింటున్న ఆలుబిడ్డలు పాపంలో కూడా పాలు పంచుకుంటారా అని అడిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. దాంతో అతని కళ్ళు తెరుచుకున్నాయి. కాని కథ అక్కడ ఆగదు. అతడు జపం చేస్తూ కూర్చున్నాడు, చుట్టూ పుట్ట పెరిగింది అంటారు. పుట్ట ఒక పూటలో పెరగదు. వాల్మీకి అనే పేరు ఆ పుట్టను బట్టి వచ్చింది, ప్రశ్నను బట్టి రాలేదు. ఆ పేరు పెట్టినవారు దేనికి విలువ కట్టారో అందులోనే ఉన్నది.

ఇక ప్రపంచమంతా ఎరిగిన మెరుపు కథ, మన వంటి పరదేశవాసులకు మరీ దగ్గరైన కథ, గాంధీగారిది. 1893 జూన్ 7వ తేదీ రాత్రి దక్షిణాఫ్రికాలోని పీటర్ మారిట్జ్‌బర్గ్ స్టేషనులో, మొదటి తరగతి టిక్కెట్టు చేతిలో ఉన్నా, రంగు చూసి ఆయనను రైలు నుంచి దింపేశారు. అప్పటికి ఆయన వయసు 23 ఏళ్ళు. ఏడాది ఒప్పందం మీద ఒక వ్యాపారసంస్థ దావా పనికి వెళ్ళిన కుర్ర ప్లీడరు. ఆ దేశంలో జూన్ చలికాలం. ఓవర్‌కోటు సామానులో ఉన్నది, సామాను రైల్వేవాళ్ళ దగ్గర ఉన్నది. మళ్ళీ అవమానిస్తారేమోనని అడగలేక, వెయిటింగు రూములో వణుకుతూ ఆలోచించాడు. తిరిగి ఇండియా వెళ్ళిపోవడమా, అవమానం దిగమింగి ప్రిటోరియా వెళ్ళి పని ముగించడమా, హక్కుల కోసం నిలబడడమా? పారిపోవడం పిరికితనం అని తేల్చుకున్నాడు. సత్యాగ్రహం ఆ వెయిటింగు రూములోనే పుట్టిందని మనం సభల్లో చెప్పుకుంటాం.

ఆత్మకథ తెరిచి ఆ అధ్యాయం చివరిదాకా చదవండి. మర్నాడు ఆయన రైల్వే జనరల్ మేనేజరుకు ఒక తంతి, తన యజమానికి ఒక తంతి ఇచ్చాడు. సాయంత్రం రైలెక్కాడు. ఎక్కేముందు పక్కబట్టల టిక్కెట్టు కొనుక్కున్నాడు! డర్బనులో బయలుదేరేటప్పుడు ఆ టిక్కెట్టు కొనుక్కోమని యజమాని అబ్దుల్లా సేఠ్ చెబితే, మొండితనం కొద్దీ, గర్వం కొద్దీ, ఐదు షిల్లింగులు మిగులుతాయనీ వద్దన్నాడట. ఈ సంగతి ఆయనే వ్రాసుకున్నాడు. ఒక జాతి చరిత్రను మలుపు తిప్పిన రాత్రి గురించి వ్రాస్తూ ఐదు షిల్లింగుల పక్కబట్టల సంగతి ఎవరు వ్రాస్తారు? ఆ చిన్న వివరం మెరుపు మెరుపుతనాన్ని కొంచెం తగ్గిస్తుంది. అందువల్లనే నాకు ఆ రాత్రి మీద నమ్మకం కలుగుతున్నది.

మరొకటి. ఆ రాత్రి వల్లనే ఆయన దక్షిణాఫ్రికాలో ఉండిపోయాడని అనుకుంటాం. ఆత్మకథలో అలా లేదు. ఒప్పందం పూర్తికాగానే 1894లో ఆయన తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యాడు. వీడ్కోలు విందు జరుగుతుండగా, భారతీయుల ఓటు హక్కు తీసివేసే చట్టం గురించి పత్రికలో ఒక మూల వార్త ఆయన కంటబడింది. విందుకు వచ్చినవారు, ఒక్క నెల ఉండి మాకు సాయం చెయ్యండి అన్నారు. ఆ ఒక్క నెల సాగి సాగి, నడుమ రాకపోకలు ఉన్నా, 1914 దాకా వచ్చింది. చలిరాత్రి నిశ్చయం ఒక ఎత్తు, ఆ ‘ఒక్క నెల’ మరో ఎత్తు. మారిట్జ్‌బర్గ్ గురించి ఆయన ఈ ఆత్మకథ వ్రాసింది 1925 తరువాత, అంటే ముప్ఫయి ఏళ్ళు దాటిన తరువాత. అయినా తన మెరుపుకు అడ్డువచ్చే సాక్ష్యాలను తుడిచివెయ్యకుండా, రెంటినీ అదే పుస్తకంలో ఉంచి వెళ్ళాడు.

రవీంద్రుడి మెరుపు మరో తరహాది. అందులో అవమానం లేదు, కష్టం లేదు. 1882 ప్రాంతంలో కలకత్తాలో సదర్ వీధి ఇంట్లో అన్నగారితో ఉంటుండగా, ఒక ఉదయం వరండాలో నిలబడి, ఎదుటి చెట్ల ఆకుల సందుల్లోంచి పైకి వస్తున్న సూర్యుణ్ణి చూశాడు. చూస్తుండగా కళ్ళమీది తెర తొలగినట్టయి లోకమంతా ఆనందమయంగా కనిపించింది. దారినపోయే కూలీలు కూడా అద్భుతంగా తోచారు. విసుగు పుట్టించే మనిషి ఒకడు ఇంటికి వస్తే ఆనందంగా పలకరించాడు. నిర్ఝరం కల చెదిరి మేలుకొన్నట్టు వ్రాసిన ప్రసిద్ధ కవిత ఆ రోజుదే. యాభయ్యో ఏటికి అటూ ఇటూగా వ్రాసిన ‘జీవన్ స్మృతి’లో ఇదంతా చెప్పాడు.

అక్కడ ఆపితే అందమైన మెరుపు కథ అయ్యేది. ఆయన ఆపలేదు. తరువాత కుటుంబంతో డార్జిలింగ్ వెళ్ళారట. కిక్కిరిసిన నగరపు వీధిలోనే ఇంత కనిపిస్తే హిమాలయాలలో ఇంకెంత కనిపిస్తుందోనని ఆశపడ్డాడు. ఏమీ కనిపించలేదు. కొండ ఎంత పెద్దదైనా, ఎక్కి చూసినా, ఆ చూపు తిరిగి రాలేదు. ఈ ఓటమిని ఆయన అంతే శ్రద్ధగా వ్రాశాడు. ఇంట్లో సందుచివర కనిపించినది పర్వతాల మీద ఎందుకు కనిపించలేదన్న ప్రశ్న ఎంతో దూరం ప్రయాణం చేసి వచ్చిన మనకు సూటిగా తగులుతుందనుకుంటాను.

ఇదే అనుభవాన్ని ఆయన 1930లో ఆక్స్‌ఫర్డులో ఇచ్చిన ఉపన్యాసాలలో మళ్ళీ చెప్పాడు. అప్పటికి అది మతానుభవం స్థాయికి ఎదిగింది. వయసు పద్దెనిమిది అన్నాడు. 1882 నాటికి ఆయనకు ఇరవై దాటింది. మెరుపు ఏళ్ళు గడిచేకొద్దీ కొంచెం ముందుకు జరిగి, కొంచెం పెద్దదయింది. తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. మహాకవి జ్ఞాపకానికే అది తప్పలేదంటే మన జ్ఞాపకాల గతి ఏమిటని మాత్రమే అడుగుతున్నాను.

శాస్త్రజ్ఞులకు ఈ విషయంలో ఒక సదుపాయం ఉన్నది. వాళ్ళు ఎప్పటికప్పుడు తేదీ వేసి వ్రాస్తారు. విశాఖపట్నంలో పెరిగి చదువుకున్న సి.వి.రామన్ గారు 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలిరంగు చూసి, అది ఆకాశపు నీడ మాత్రమేనన్న మాట నమ్మలేదు. ఓడమీదనే పట్టకం పెట్టి పరీక్షించి, బొంబాయి రేవు చేరగానే తన అభిప్రాయం పత్రికకు పంపాడు. ఆయన పేరిట ప్రసిద్ధమైన ఫలితం తేలింది 1928 ఫిబ్రవరి 28న. నడుమ ఏడేళ్ళ ప్రయోగాలు, శిష్యుల శ్రమ ఉన్నాయి. సముద్రం చూడగానే నోబెల్ బహుమానం వచ్చిందని మనం పిల్లలకు చెబుతాం. 1921 నాటి కాగితం మాత్రం తాను ఒక ప్రశ్ననేనని నిజాయితీగా ఒప్పుకుంటుంది.

ఇప్పుడు మన కథలకు వద్దాం. ఆధునిక తెలుగు కథకు మొదటి మెట్టుగా చాలాకాలం లెక్కించిన గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. భోగంమేళాలు మరిగి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాల్రావుకు భార్య కమలిని కనిపించదు, బల్లమీద ఉత్తరం కనిపిస్తుంది. నీకు నాతో పని లేదు గనక పుట్టింటికి పోతున్నానన్న సారాంశం. ఆ దెబ్బతో అతనికి కళ్ళు తెరుచుకుంటాయి. పశ్చాత్తాపపడతాడు. అంతలో మంచం కిందనుంచి నవ్వూ గాజుల చప్పుడూ వినిపిస్తాయి.

ఇది మెరుపు కథే. అయితే గురజాడ దీనికి పెట్టిన పేరు చూడండి. జ్ఞానోదయం అనలేదు, కనువిప్పు అనలేదు, ‘దిద్దుబాటు’ అన్నారు. బడిపిల్లవాడు పలకమీద అక్షరం దిద్దినట్టు రోజూ చేసే పని అది. ఒకసారి దిద్దితే వచ్చేది కాదు. మంచం కింద నవ్వు కూడా ఊరికే పెట్టింది కాదని నా అనుమానం. ఇంత తేలిగ్గా వచ్చిన బుద్ధి రేపు సాయంత్రం మళ్ళీ మేళం వచ్చినప్పుడు ఎంతవరకు నిలుస్తుందో చూద్దాంలే అని ఆ నవ్వు అంటున్నట్టు ఉంటుంది. మర్నాటి సంగతి గురజాడ చెప్పలేదు గాని, మర్నాడు అనేది ఒకటి ఉన్నదని పేరులోనే గుర్తుచేశారు.

ఇక నన్ను అసలు పట్టుకున్న కథ, పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వారి ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొంది, తెలుగు కథను ఈ దేశంలో వినిపించిన కథ. రావుగారు పేరున్న ప్లీడరు, విలువలు నియమాలు అన్నీ కొలిచి పెట్టుకున్న మనిషి. ఉపన్యాసం ఇవ్వడానికి వెళుతూ గాలివానలో ఒక చిన్న స్టేషనులో చిక్కుకుపోతాడు. రైలులో తాను చీదరించుకున్న ముష్టిదే ఆ రాత్రి అతనికి దిక్కవుతుంది. ప్రాణభయంతో వణికిపోతున్న అతన్ని దగ్గరికి తీసుకుని ధైర్యం చెబుతుంది. తెల్లవారేసరికి ఆమె లేదు, అతని పర్సు లేదు. స్టేషను శిథిలాలలో ఆమె శవం కనిపిస్తుంది. దగ్గర అతని పర్సూ, టిక్కెట్ల డబ్బూ ఉంటాయి. ప్రాణం పోసినది, దొంగిలించినది ఒక్క మనిషే. అతని కొలబద్దలన్నీ విరిగిపోతాయి. ఏడుస్తాడు.

అందరూ ఇక్కడ ఆగి, మానవత్వం గెలిచింది అంటారు. తరువాత అతను చేసే పని చూడండి. రైల్వే డబ్బు తీసి సొరుగులో పెట్టేస్తాడు. తన పర్సు మాత్రం ఆమె దగ్గరే ఉంచేస్తాడు, తన గుర్తు ఏదో ఒకటి ఆమెతో ఉండాలని. కాని పర్సులోంచి తన పేరున్న కార్డు తీసేసుకుంటాడు. నాకు ఈ కథ మొత్తంలో గొప్ప చోటు ఇదే. మెరుపు మెరిసింది, మనిషి మారాడు, అయినా పేరు బయటపడే ధైర్యం రాలేదు. పద్మరాజు గారు ఆ కార్డు సంగతి వదిలేసి ఉంటే రావుగారు మహాత్ముడయ్యేవాడు, కథ నీతికథ అయ్యేది. ఆ కార్డు వల్ల రావుగారు మనలాంటివాడు అయ్యాడు. మెరుపు మనిషిలో ఎంతమేరకు వెలుగు నింపిందో, ఎక్కడ చీకటి మిగిలిందో రచయిత గీత గీసి చూపించాడు.

పాఠకులు ఈపాటికి గ్రహించే ఉంటారు. తుఫాను, ఇరుక్కుపోయిన ఇద్దరు, పైకి ఏ సంబంధమూ లేని మనిషి ఇచ్చిన వెచ్చదనం, తెల్లవారేసరికి కొత్త చూపు. నా బస్సు కథ ‘గాలివాన’ అచ్చులో పోసినదే. కాలేజీ రోజుల్లో ఆ కథ రెండు మూడుసార్లు చదివాను. ఒహాయోలో నాకు జరిగినదాన్ని నాకు తెలియకుండానే పద్మరాజు గారి పద్ధతిలో అమర్చుకున్నాను. అయితే అమర్చేటప్పుడు ఆ కార్డు సంగతి మాత్రం వదిలేశాను.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. రెండేళ్ళ కిందట మా తమ్ముడు ఊళ్ళో ఇల్లు అమ్మేటప్పుడు మా అమ్మ ట్రంకుపెట్టె తెరిచారు. అందులో నేను ఇక్కడినుంచి వ్రాసిన నీలం ఏరోగ్రాములన్నీ ఏడాదివారీగా దారం కట్టి ఉన్నాయట. మరదలు వాటిని భద్రంగా మూటగట్టి, ఇక్కడికి వచ్చేవారితో పంపింది. చాలాకాలం విప్పలేదు. మనవరాలు ఫోను చెయ్యడానికి వారం ముందే విప్పాను.

1978 ఫిబ్రవరి 11వ తేదీ వేసిన ఉత్తరం ఒకటి ఉన్నది. ఉభయకుశలోపరి అయ్యాక ఇలా వ్రాశాను: ఇక్కడ పెద్ద మంచు పడింది. బస్సు ఆగిపోయి ఆరు గంటలు చిక్కుపడ్డాను. డ్రైవరు మంచివాడు, కాఫీ ఇచ్చాడు. నువ్వు కంగారుపడవద్దు, జలుబు కూడా చెయ్యలేదు. అంతే, నాలుగు ముక్కలు. దాని కింద పన్నెండు పంక్తులు వేరే సంగతి. హైదరాబాదులో ఒక ఉద్యోగానికి దరఖాస్తు పంపాను, వేసవికల్లా వచ్చేస్తాము, నాన్నగారిని రెండు గదుల వాటా ఏదైనా చూసి ఉంచమను. చివర అంచున, ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి పంపవలసినది అని.

అంటే ఏ బస్సులో అయితే ఈ దేశమే నాదని నిశ్చయించుకున్నానని నలభై ఏళ్ళకు పైగా చెబుతూ వచ్చానో, అందులోంచి దిగిన రెండు వారాలకు నేను ఇంటికి పోవడానికి పెట్టె సర్దుకుంటున్నాను. ఆ ఉద్యోగం రాలేదని అదే ఏడు సెప్టెంబరు ఉత్తరంలో ఉన్నది. 1979లో అమ్మాయి పుట్టింది. పిల్ల కాస్త పెద్దదవగానే వస్తాము అని వ్రాశాను. 1981లో, ఇల్లు అమ్ముడుపోతే వస్తాము అని. 1983లో, వచ్చే ఏడు తప్పకుండా అని. ప్రతి ఉత్తరంలోనూ ‘వచ్చే ఏడు’ ఉన్నది. అమ్మ పోయిన 1986 దాకా ఉన్నది. ఆవిడ వాటికి దారం కట్టి దాచుకున్నది.

అప్పుడు అర్థమయింది, నా మెరుపు కథ ఏం పని చేస్తున్నదో. ఒక్క క్షణంలో, ఉదాత్తమైన కారణంతో నిర్ణయం జరిగిపోయిందని చెప్పుకుంటే, ఎనిమిదేళ్ళ వాయిదాలకు సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. ఆ కథలో మంచు ఉన్నది, కాఫీ ఉన్నది, విశ్వమానవత్వం ఉన్నది. అమ్మ లేదు. అమ్మ కనిపించకుండా ఉండడానికే ఆ కథ పుట్టిందేమోనని అనుమానం. ఆ డ్రైవరు గారి పేరైనా నాకు తెలియదు. ఆరు గంటలు ఆయన కాఫీ తాగి, ఆయన తొడుగులు వేసుకుని, పేరు అడగలేదు. అడిగి ఉంటే ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నా కథలో ఆ పేరు వచ్చేది. రావుగారు పర్సులోంచి తన పేరున్న కార్డు తీసేసుకున్నాడు. నేను ఎదుటివాడి పేరు అసలు ఉంచనే లేదు.

మనవరాలికి ఫోనులో ఆ ఉత్తరాలు ఒక్కొక్కటీ చదివి, దానికి అర్థమయ్యే భాషలో చెప్పాను. గోంగూర దగ్గర నవ్వింది. 1983 దగ్గరికి వచ్చేసరికి నవ్వడం మానేసింది. చివరికి, “మరి తాతయ్యా, ఎప్పుడు డిసైడ్ చేసుకున్నావు?” అని అడిగింది.

“ఎప్పుడూ చేసుకోలేదమ్మా. ఒక్కో ఏడూ వాయిదా వేశాను” అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఇది 650 మాటల్లో పట్టదు” అన్నది. ఆ పిల్ల మంచి విమర్శకురాలు అవుతుందని నాకు అప్పుడు తోచింది. కాలేజీకి వేరే సంగతి ఏదో వ్రాసి పంపిందట. ఏరోగ్రాములు మాత్రం, సెలవులకు వచ్చినప్పుడు తనే చదువుతానని తెలుగు అక్షరాలు దిద్దుకుంటున్నది.

ఇంతకూ బస్సులో నాకు ఏమీ తెలియలేదా? తెలిసిందనే ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆ కాఫీ వెచ్చదనం నేను కల్పించినది కాదు. ఉత్తరంలోని ‘డ్రైవరు మంచివాడు’ అన్న రెండు మాటలు దానికి సాక్ష్యం. నాకు తెలిసినది అంతవరకే: ఒక మనిషి మంచివాడని. ఆ చిన్న నిజంమీద నేను తరువాత మేడ కట్టాను. గాంధీగారు పక్కబట్టల టిక్కెట్టును వదలలేదు, రవీంద్రుడు డార్జిలింగును వదలలేదు, పద్మరాజు గారు ఆ కార్డును వదలలేదు. వాళ్ళ మెరుపులు నేటికీ నిలిచి ఉన్నాయంటే అవి వదలకపోవడం వల్లనే అని నా మనవి.

సంపాదకులకు ఒక విన్నపం. ఈ శీర్షికను కొనసాగించండి. కాని వ్రాసేవారిని ఒక్క పని చెయ్యమని కోరండి. మన వయసువారి ఇళ్ళలో అటకమీదనో, దేశంలో ఎవరి పెట్టెలోనో, ఆనాటి ఉత్తరాలు ఇంకా ఉండే ఉంటాయి. కలం పట్టేముందు వాటిని ఒకసారి చదవమనండి. మెరుపు గురించి ఎంతైనా వ్రాయవచ్చు. దాని కింద, ఆ మర్నాడు ఏం చేశామో కూడా ఒక పంక్తి చేర్చమనండి.